‘సరే సార్’ అనని అండాలమ్మ

ఫిజియోథెరపీ చదువుకుని కొత్తగా పనిలోకి దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, కాస్త మొహమాటం తీరాక, దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. “సార్, సొంతంగా క్లినిక్ పెడదామనుకుంటున్నాం. ముందు ఏ మెషీన్లు కొనమంటారు?”

“ముందు రెండు మంచి కుర్చీలు కొనండి” అంటాను. “పేషెంటు కుర్చీ మీ కుర్చీ కన్నా మంచిదై ఉండాలి. వాళ్లు తీరిగ్గా కూర్చుని అడగాలి, మీరు తీరిగ్గా జవాబు చెప్పాలి.”

నవ్వేసి ఊరుకుంటారు. ముసలాయన చాదస్తం అనుకుంటారని నాకు తెలుసు. ఆ మాట ఎందుకు అంటున్నానో విడమర్చి చెప్పాలంటే ఒక టీ సరిపోదు. అందుకే రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో, ఏ సర్టిఫికెట్ తెచ్చుకున్నానో ఇందులో ఉండదు. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

కరెంటు సారు

మాది తెనాలి పక్కన పల్లె. చదువు కాగానే హైదరాబాదు వచ్చి, ఉప్పల్ చౌరస్తాకు దగ్గర్లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. నాచారంలో అద్దెకు దిగి, అక్కడే స్థిరపడిపోయాను. కొత్తలో ఇక్కడి మాట నాకు కాస్త తికమకగానే ఉండేది. “బొక్క ఇరిగింది సార్” అని మొదటిసారి విన్నప్పుడు, బొక్క విరగడమేమిటా అని తెల్లమొహం వేశాను. ఎముకను ఇక్కడ అలాగే అంటారని ఆయాలు నవ్వుతూ చెప్పారు.

నాకు ఇక్కడివాళ్లు పెట్టిన పేరు కరెంటు సారు. నొప్పి ఉన్నచోట రెండు ప్యాడ్లు అతికించి మెషీన్ ఆన్ చేస్తే చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. ఎర్రలైటు వెలిగి ఆరుతుంటుంది. ఆ జివ్వు తగిలితే తప్ప వైద్యం జరిగినట్టు ఎవరికీ అనిపించదు. “జర కరెంటు వెట్టుండ్రి సార్” అంటూ వచ్చేవాళ్లు. ఒకసారి ఒక పెద్దాయన ఇంట్లో మీటరు తిరగడం లేదని నన్ను వెతుక్కుంటూ నర్సింగ్ హోమ్‌కు వచ్చాడు. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, నేను ఆ కరెంటు సార్ని కాదని నచ్చజెప్పడానికి కొంత సమయం పట్టింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ కరెంటు నొప్పిని కాసేపు జోకొడుతుంది, అంతే. పట్టేసిన భుజాన్ని అది పైకి లేపదు. లేపాల్సింది ఆ భుజం గల మనిషి, రోజూ, ఇంట్లో, పళ్లు బిగబట్టి. నేను ఆ వ్యాయామాలు చేసి చూపించేవాణ్ణి, చేయించేవాణ్ణి, ఇంట్లో మానకుండా చెయ్యమని చెప్పేవాణ్ణి. అందరూ ఒక్కటే మాట అనేవారు. “సరే సార్.”

మన వృత్తిలో అన్నిటికన్నా ప్రమాదమైన మాట అదే. ‘సరే సార్’ అంటే ఒప్పుకున్నారని కాదు. ‘మీరు పెద్దవారు, మీకు ఎదురు చెప్పను, ఇక నన్ను వెళ్లనివ్వండి’ అని. సారును ప్రశ్న అడిగితే అమర్యాద అని మనవాళ్ల నమ్మకం. అనుమానాన్ని అలాగే మూటగట్టుకుని ఇంటికి పట్టుకుపోతారు. అక్కడ పక్కింటావిడ ఆ మూట విప్పి, తనకు తోచిన జవాబు చెబుతుంది.

మా పెద్ద డాక్టరు గారు

నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరు గారు ఎముకల వైద్యుడు. హస్తవాసి గల మనిషి. ఆయన అతికించిన ఎముకలతో ఈ చుట్టుపక్కల ఎంతమంది నడుస్తున్నారో చెప్పలేను. కానీ ఎవరైనా ఎందుకు అని అడిగితే ఆయనకు ఒళ్లు మండేది.

మోచెయ్యి విరిగిన ఒక ఆటో డ్రైవరు, “ఆపరేషన్ లేకుంట కాదా సార్?” అని అడిగాడు పాపం, చాలా నెమ్మదిగా.

“డాక్టరు నువ్వా, నేనా?” అన్నారు ఈయన.

“మీరే సార్. సరే సార్” అన్నాడు అతను. బయటికి వెళ్లి నేరుగా పసరుకట్టు వేసేవాడి దగ్గరికి పోయాడు. కొన్నాళ్లకు మోచెయ్యి వంచడానికీ చాచడానికీ రాకుండా బిగుసుకుపోయాక తిరిగి వచ్చాడు. “చెప్తే వినరయ్యా ఈ జనం” అని మా డాక్టరు గారు నామీద కేకలేశారు. అతను అడిగినప్పుడు ఒక్క రెండు నిమిషాలు ఆ ఎక్స్‌రే చూపించి మాట్లాడి ఉంటే, అతను ఆ కట్టు దగ్గరికి పోయేవాడు కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత ఆయనకే భుజం పట్టేసింది. నా గదిలోకి వచ్చి తలుపు వేసి, “ఏమయ్యా, జర కరెంటు పెట్టు” అన్నారు. పెట్టాను. గోడమీద వేళ్లతో పాకించే వ్యాయామం చూపించి, ఇంట్లో చెయ్యమన్నాను. “సరే సరే” అన్నారు. వారం పోయాక, “చేస్తున్నారా సార్?” అంటే కిటికీలోంచి చౌరస్తా వైపు చూశారు. నాకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వేశారు.

“తెలిసి తెలిసి నేనే చెయ్యలేదు చూశావా? ఇన్నాళ్లూ పేషెంట్లను తిట్టాను” అన్నారు. ఆ తర్వాత ఎవరైనా ప్రశ్న అడిగితే కసురుకోవడం మానేశారు. కొన్నాళ్లే అనుకోండి.

ఇప్పటి పోచారం ఐటీ పిల్లలు ఇంకో రకం. వాళ్లు ‘సరే సార్’ అనరు. ఫోన్లో అన్నీ చూసుకుని వస్తారు. నడుం నొప్పితో వచ్చిన ఒకబ్బాయి, ఒక వీడియో చూసి ముందుకు వంగి, ఇంకో వీడియో చూసి వెనక్కి వంగి, నొప్పిని రెట్టింపు చేసుకుని వచ్చాడు. నేను జవాబు చెప్పేలోపు ఇంకో ప్రశ్న అడిగేవాడు. చివరికి నేనే ఒకటి అడిగాను. “నీకు నొప్పి ఎప్పుడు మొదలవుతుంది నాయనా?” అతను మళ్లీ ఫోన్ తీశాడు. “కొన్నాళ్లు ఫోన్ కాదు, నీ నడుమును చూడు” అని పంపాను. తిరిగి వచ్చినప్పుడు అతనే చెప్పాడు. కుర్చీలో ఉండగా కాదట, ఒక భుజానికి బరువు సంచీ తగిలించుకుని బండి మీద హైవే మీదుగా ఇంటికి వచ్చేటప్పుడట. సగం వైద్యం అక్కడే అయిపోయింది. అడగడమంటే ఎదుటివాళ్లను నిలదీయడమే కాదు, తన ఒంటిని తాను కనిపెట్టుకుని ఉండడం కూడా.

ఇంత చెప్పినా అసలు సంగతి నాకు బోధపడింది అండాలమ్మ వల్ల.

యాదగిరి వేసిన జడ

అప్పటికి నేను నర్సింగ్ హోమ్ వదిలేసి, కదలలేని వాళ్లకు ఇళ్లకు వెళ్లి వైద్యం చేస్తున్నాను. అండాలమ్మది నాచారం పాత ఊరి కుటుంబం. ఒకప్పుడు వ్యవసాయం. పొలాలు పోయాక కట్టుకున్న ఇంట్లో కింద వాళ్లు, పైన కిరాయిదార్లు. భర్త యాదగిరి ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు, భార్య మంచాన పడ్డాక మానేశాడు. ఒక్కతే కూతురు స్వప్న, దమ్మాయిగూడలో కాపురం.

అండాలమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కర్ర పట్టుకుని నడిచేదాకా కాలు తిరిగి వచ్చింది. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగిసి ఛాతీకి అతుక్కుని ఉండేది.

పక్షవాతం రావడానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె బీపీ గోలీలు మానేసింది. తలనొప్పి తగ్గింది కదా, ఇంకా ఎందుకనుకుని ఎవరికీ చెప్పకుండా ఆపేసింది. ఒకరోజు పొద్దున వాకిలి ఊడుస్తూ పడిపోయింది. అప్పటినుంచి ఆ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ, “డాక్టరు మాట ఇనకపోతె గిట్లనే అయితది” అని ఆమె ముందే అనేసి టీ తాగి వెళ్లేవారు. ఆమె తల దించుకుని కూర్చునేది. తన ఒంటి గురించి మాట్లాడే హక్కు తానే పోగొట్టుకున్నట్టు ఉండేది ఆమె వాలకం.

యాదగిరి ఆమెను పువ్వులా చూసుకునేవాడు. గోలీ తనే నోట్లో వేసేవాడు. అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. ఇనుము కోసిన మోటు చేతులతో ఆమె జుట్టు దువ్వి జడ వేసేవాడు. అది ఎప్పుడూ ఒక పక్కకు వంకరపోయేది. పైన కిరాయికి ఉండే ఆడవాళ్లు చూసి ముసిముసిగా నవ్వితే, “మీ ఆయన ఏస్తడా మీకు? అడిగి జూడుండ్రి” అనేవాడు. నా సర్వీసులో ఇంత ప్రేమగల మొగుణ్ణి నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ ప్రేమే ఆమె చేతిని నిద్రపుచ్చుతోందని మాత్రం అతనికి చెప్పలేకపోయేవాణ్ణి.

ఒకసారి పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు చూపించుకుని వచ్చారు. నేను వెళ్లేసరికి యాదగిరి గుమ్మంలోనే ఎదురయ్యాడు.

“ఇగ మీరు రాకున్నా నడుస్తది సార్” అన్నాడు. “చెయ్యి మీద ఆశ వెట్టుకోవద్దని డాక్టర్ సాబే జెప్పిండు. సరే సార్ అనుకుంట వచ్చినం. ఇగ దాన్ని సతాయించుడెందుకు? సూస్కునేతందుకు నేను లేనా?”

లోపల మంచం మీదనుంచి, “ఆగయ్య జర” అని వినిపించింది. అండాలమ్మ కర్ర ఊతంతో లేచి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది.

“సార్, నేనొకటి అడుగుత. నా చెయ్యి రాదని గాయినకెట్ల దెలుసు?”

యాదగిరి అదిరిపడ్డాడు. “డాక్టర్నే ఎట్ల దెలుసంటవా? ఆనాడు గోలీలు ఏస్కోమంటె ఇనలే. సొంత తెలివి జేసినవ్. ఏమైందో సూస్తున్నవ్ గద. గిప్పుడన్న ఇను.”

చుట్టాలు ఆ మాట అన్నప్పుడు తల దించుకునే మనిషి, ఈసారి దించుకోలేదు.

“ఆనాడు నేను అడగలేదయ్య” అంది. “తలకాయ నొస్తలేదు, ఇగ గోలీ ఎందుకు సార్ అని అడిగింటే ఎందుకో ఆయన జెప్తుండె. నేను సరే సార్ అన్న, ఇంటికొచ్చి బంజేసిన. అడగక జెడిపోయిన గని అడిగి జెడిపోలే. గిప్పుడు అడుగుత.”

నేను గుమ్మంలో చెప్పులు విడవడం కూడా మర్చిపోయి నిలబడ్డాను. డాక్టరు మాట గుడ్డిగా వినడం, గుట్టుగా వినకపోవడం రెండు వేర్వేరు సంగతులని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. రెండూ ఒకే చోటినుంచి పుడతాయని, రెంటికీ మధ్య ఉండాల్సింది ఒక ప్రశ్న అని ఏ పాఠంలోనూ చదవలేదు.

“నాకూ తెలియదండీ” అన్నాను. “ఆయన్నే అడుగుదాం. నేనూ వస్తాను.”

అడిగిన రోజు

ఆసుపత్రికి వెళ్లే దారంతా యాదగిరి ఆమెను బతిమాలుతూనే ఉన్నాడు. “డాక్టర్లను గుచ్చి గుచ్చి అడుగుతె కోపానికొస్తరు. రేపు ఏమన్న అయితె మల్ల ఆయన కాడికే వోవాలె.” ఆ భయం ఉత్తిది కాదు. నరాల డాక్టరు మనసు విరిగితే మళ్లీ ఎవరి కాళ్లు పట్టుకోవాలన్నది పేదసాదలకూ మధ్యతరగతికీ కూడా పెద్ద దిగులే.

డాక్టరు వయసులో నాకన్నా చాలా చిన్న. బయట వరండా నిండా జనం. మొహంలో అలసట కనిపిస్తోంది. యాదగిరి ఎప్పటిలాగే చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. అండాలమ్మ కుర్చీలో కూర్చుని, ఇంటిదగ్గర అనుకున్నట్టే అడిగింది.

“సార్, కోపం జెయ్యకుండ్రి. నా చెయ్యి రాదన్నరు. ఎట్ల జెప్తున్నరో తెలుసుకుందమని.”

ఆయన రాస్తున్న కలం పక్కన పెట్టాడు. నేను మా పాత డాక్టరు గారి కేకలే వింటాననుకుని చెవులు సిద్ధం చేసుకున్నాను. ఆయన లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ విప్పి చూశాడు. చాచమన్నాడు, ముడవమన్నాడు.

“అమ్మా, మునుపటిలా పూర్తిగా రాదని చెప్పగలను” అన్నాడు. “ఎంతవరకు వస్తుందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. చాలామంది చెయ్యి వస్తుందని ఆశపడి, రాకపోయేసరికి మనసు విరిగి కాలు కదపడం కూడా మానేస్తారు. అది చూడలేక ముందే అలా చెప్పేస్తుంటాను.”

“ఆశ నాది సార్” అంది అండాలమ్మ. “దాని తిప్పలు నేను వడ్త. మీకు దెలిసింది జెప్పుండ్రి, సాలు.”

ఆయన ఒక కుర్చీ లాగి, “మీరూ కూర్చోండి” అని యాదగిరితో అన్నాడు. ఆ గదిలో యాదగిరి కూర్చోవడం అదే మొదటిసారి. మెదడులో ఏ భాగం దెబ్బతిన్నదో, చెయ్యి ఎలా కదపాలో, భుజం జారకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలో డాక్టరు చెప్పాడు. బీపీకి నొప్పి ఉండదని, నొప్పి లేదని గోలీ ఆపితే లోపల ఏం జరుగుతుందో కూడా ఆమె అడిగి తెలుసుకుంది. ఇదంతా ఒక టీ తాగినంత సేపట్లో అయిపోయింది. ఆ రోజునుంచి ఆమె గోలీ ఆమే వేసుకుంది. మళ్లీ ఒక్కరోజు మానలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డాక్టర్లను నేను తక్కువ చేయడం లేదు. కసిరే డాక్టర్లతోనూ పనిచేశాను, ఇలాంటి డాక్టర్లనూ చూశాను. అడిగే మనిషి ఎదురైతే ఎక్కువమంది మంచి డాక్టర్లే అవుతారు.

గుమ్మం బయట మొగుడు

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆమె కుడిచేత్తో గ్లాసు పట్టాలి, జారిపోతుంది. గొళ్లెం తియ్యాలి, వేళ్లకు పట్టు చిక్కదు. అన్నం కలపాలి, సగం ఒళ్లో పడుతుంది. పిసికితే వేళ్లకు బలమని జొన్నపిండి ముద్ద ఇచ్చేవాణ్ణి. పిసికి పిసికి అలసిపోయి కళ్ల నీళ్లు పెట్టుకునేది, మళ్లీ పిసికేది. కరెంటు పెట్టమని ఒక్కసారి మాత్రం అడిగింది. “అది పెడితే చెయ్యి వస్తదా సార్?” అంటే, “కొంచెం సాయమండీ. పని చేయాల్సింది మీరే” అన్నాను. “అట్లయితె ఆ టైముల గూడ పిండి పిసుకుత” అంది.

యాదగిరి చేతులు ఊరుకునేవి కావు. మెతుకు పడగానే చెయ్యి చాచేవాడు. ఆమె చూసే చూపుకు వెనక్కి తీసుకునేవాడు. చివరికి ఆమె అన్నం తినే వేళకు అతను గుమ్మం బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చోవాలని ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం. ఒక మధ్యాహ్నం నేను బయటికి వచ్చేసరికి అతను మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. పక్కన కూర్చున్నాను.

“దానికి తినవెట్టకపోతె నాకు తిన్నట్టు లేదు సార్” అన్నాడు. “అది పడిపోయిన్నాడు నేను డ్యూటీల ఉన్న. సూస్కోలేదు. గిప్పుడన్న సూస్కుంటనంటె సూస్కోనిస్తలేదు.”

“మీరు బయట కూర్చోవడమే చూసుకోవడమండీ” అన్నాను. లోపల స్టీలు కంచం చప్పుడు వినిపిస్తోంది. అతను ఆ చప్పుడు ఆగేదాకా చెవి అక్కడే పెట్టి కూర్చున్నాడు.

మెల్లగా పిడికిలి విచ్చుకుంది. గ్లాసు నిలిచింది. స్పూనుతో తినగలిగింది. జడ మాత్రం యాదగిరికే వదిలేసింది. “గదన్న ఉండని సార్, పాపం” అంది.

సారె

ఇంతలో స్వప్నకు ఒడిబియ్యం పోయాలన్న మాట వచ్చింది. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, తల్లిదండ్రులు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి, సారె పెట్టి పంపుతారు. ఆ సారెలో సకినాలు లేకపోతే ఇక్కడివాళ్లకు మనసొప్పదు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి కలిపి, రెండు వేళ్ల మధ్య పిండిని మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్లు చుట్లుగా వేసే పిండివంట అది. తెనాలి వాణ్ణి, నాకు తినడమే తెలుసు. ఆ మెలి ఎంత కష్టమో అండాలమ్మ వేళ్లను చూశాకే తెలిసింది.

“బిడ్డ సారెకు నేనే సుడ్త” అంది. ఎన్నో రోజులు కుడిచేత్తో ప్రయత్నించింది. పిండి పట్టుకోగలిగేది. బొటనవేలు మాత్రం మెలితిప్పేది కాదు. ముద్ద ముద్దగా రాలిపోయేది. పక్కన కూర్చుని, “వస్తుందండీ, ఇంకొంచెం” అని నేను పురిగొల్పేవాణ్ణి. ఎడమచెయ్యి ముట్టనిచ్చేవాణ్ణి కాదు. ఎడమచెయ్యి పని అందుకుంటే కుడిది బద్ధకిస్తుందని మా శాస్త్రం. నా శాస్త్రం నాకు ముద్దు.

ఒకరోజు ఆమె పిండి పళ్లెం పక్కకు జరిపింది.

“సార్, బొటనేలు తిరుగుతదని మీకు పక్కాగా దెలుసా?”

తెలియదని ఒప్పుకున్నాను.

“ఆయన రాదంటడు, మీరు వస్తదంటరు. ఇద్దరికీ తెల్వదు. చెయ్యయితె నాదే గద. దాంతోని కొట్లాడింది నేను. ఎంతవరకు వస్తదో నాకు సమజయింది. పిండి పిసుకుతది, గ్లాసు వడ్తది, బిడ్డ ఒళ్లె బియ్యం బోస్తది. మెలి వడది. ఇగ ఎడమ చెయ్యి నేర్చుకుంట.”

“డాక్టరు గారు చెప్పినప్పుడు ఒప్పుకోలేదు కదండీ మీరు?” అన్నాను, కొంచెం ఉడుక్కుని.

“ఆయన జెప్పినప్పుడు అది ఆయన మాట సార్. గిది నా మాట.”

ఆమె ఓడిపోయిందని నేను ఆ రోజు దిగులుపడుతూ ఇంటికి వెళ్లాను. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా, ఆశను వదలకపోవడమే ధైర్యమని అనుకునేవాణ్ణి. ఎక్కడ ఆగాలో తనే తేల్చుకోవడానికీ అంతే ధైర్యం కావాలని నాకు అర్థమయ్యేసరికి ఆమె ఎడమచేత్తో నేర్చుకోవడం సగం అయిపోయింది.

ఒడిబియ్యం ముందు రోజు యాదగిరి అక్క లక్ష్మమ్మ వచ్చింది. పని సాయానికి వచ్చిన ఆవిడ, అండాలమ్మ ఎడమచేత్తో పిండి తీసుకోవడం చూసి నోటిమీద చెయ్యి వేసుకుంది.

“ఎడమ చేత్తోని సారె జేస్తవా అండాలు? శుభమా ఏమన్ననా? నువ్వు లెవ్వు, నేను సుడ్త.”

“పిండి పిసికింది కుడిచెయ్యి వదినె. సుట్టేది ఎడమచెయ్యి” అంది అండాలమ్మ. “రెండూ తల్లియే గద. నువ్వు ఇటు సుట్టు, నేను అటు సుడ్త.”

లక్ష్మమ్మ గొణుక్కుంటూనే పక్కన కూర్చుంది. యాదగిరి పొయ్యి దగ్గర చేరి, ఆరిన సకినాలు ఒక్కటీ విరగకుండా నూనెలో వేసి తీశాడు. చాలా రోజుల తర్వాత ఆమె కోసం చేతినిండా పని దొరికిన సంతోషం అతని మొహంలో కనిపించింది.

మర్నాడు నన్నూ మా ఆవిడనూ పిలిచారు. అండాలమ్మ రెండు చేతులూ కలిపి కూతురి ఒడిలో బియ్యం పోసింది. కుడి అరచెయ్యి పూర్తిగా విచ్చుకోక దోసిలి కొంచెం వంకరగా ఉంది. ఒక్క గింజ కింద పడలేదు. తర్వాత స్వప్న సారె డబ్బా మూత తీసింది. సారె తెచ్చుకున్నాక అత్తగారింటి వాడకట్టులో అందరికీ పంచడం ఆనవాయితీ. ఎన్ని ఉన్నాయో చూసుకుంటూ ఆ పిల్ల ఆగిపోయింది.

“ఇవేంది, కొన్ని ఉల్టా తిరిగినయ్?” అంది.

నేనూ వంగి చూశాను. చాలా సకినాల చుట్లు ఒకవైపు తిరిగితే, కొన్ని రెండోవైపు తిరిగాయి. అవి అంత గుండ్రంగా లేవు. ఒకటి రెండింటికి అంచు కలవలేదు. స్వప్న తల్లి చేతుల వైపు చూసింది. ఎడమచేతి గోళ్లలో తెల్లటి పిండి ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ పిల్ల కింద చతికిలబడి, ఉల్టా తిరిగిన వాటిని ఒక్కొక్కటిగా ఏరి కొంగులో పోసుకుంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

“గివి ఎవ్వలికీ పంచ” అంది. “గివి నాయి.”

పోయేటప్పుడు మాకూ ఒక పొట్లం కట్టి ఇచ్చారు. విప్పి చూస్తే అన్నీ లక్ష్మమ్మ చుట్టినవే. “ఎడమచేతిది ఒక్కటైనా పెట్టు తల్లీ, నేను కూడా కష్టపడ్డాను” అని స్వప్నను బతిమాలాను.

కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంది తప్ప, ఇవ్వలేదు.